పదకొండు మందిలో లేని అమ్మాయి



ఈ వారం పచ్చళ్ళూ పొడులూ కాసేపు పక్కన పెడదాం. పొయ్యి మీద పప్పు ఉడికే లోపల ఒక ఆటమ్మాయి సంగతి చెప్పుకుందాం. ఆటలంటే మనకేం తెలుసు, అవి మగవాళ్ళ కబుర్లు అనకండి. చివరికి ఇది తిరిగి తిరిగి మన ఇంటి లెక్కల దగ్గరికే వస్తుంది.

2025 నవంబరు 2వ తేదీ రాత్రి మీలో చాలామంది టీవీ ముందే కూర్చుని ఉంటారు. నవీ ముంబయిలో మన ఆడపిల్లలు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి, వన్డే ప్రపంచకప్పు మొదటిసారి చేతికి తీసుకున్నారు. కడప పిల్ల శ్రీచరణి ఆ టోర్నీలో వికెట్ల మీద వికెట్లు తీస్తుంటే మన ఇంటి పిల్లే అన్నట్టు మురిసిపోయాం. కప్పు చుట్టూ చేరి గంతులు వేసిన ఆ గుంపులో ఇంకో తెలుగమ్మాయి కూడా ఉంది. పేరు అరుంధతీ రెడ్డి, ఊరు హైదరాబాదు. ఫాస్ట్ బౌలరు. పదిహేనుమంది జట్టులో ఆమె ఒకతె. కానీ ఆ టోర్నీ మొత్తం మీద ఒక్క మ్యాచ్‌లో కూడా ఆమెకు ఆడే వంతు రాలేదు.

పాపం అనిపించింది కదూ? నాకూ ముందు అలాగే అనిపించింది. తర్వాత ఆమె నడిచి వచ్చిన దారి ఒకసారి వరసగా చూస్తే, పాపం అనవలసిన మనిషి కాదనిపించింది. అదేమిటో చెబుతాను. ముందు మన ఇళ్ళలో మాట ఒకటి.

స్కూలు ఆటల పోటీల్లో మండలం దాటి, జోనల్ దాటి జిల్లాకు వెళ్ళిన ఆడపిల్ల ఏ ఇంట్లో ఉన్నా, ఏదో ఒకనాడు ఆ ఇంటి తల్లి ముందుకు ఈ ప్రశ్న వస్తుంది. "అమ్మా, నేను ఆటలోనే ఉంటాను." అప్పుడు మనం రెండే జవాబులు చెబుతాం. ఒకటి, "ఆటలు అన్నం పెడతాయా? పుస్తకం తియ్యి." రెండోది, "మా అమ్మాయి ఇంకో సింధు అవుతుంది." అయితే సింధు, కాకపోతే సున్నా. ఈ రెంటికీ నడుమ ఏముందో మనకు ఎవరూ చెప్పరు. నిజానికి ఆట మీద బతికేవాళ్ళలో ఎక్కువమంది ఆ నడుమనే ఉన్నారు.

ఇలాంటి ఆటగాళ్ళకు ఇంగ్లీషువాళ్ళు "జర్నీమన్" అని పేరు పెట్టారు. పూర్వం వాళ్ళ దేశంలో శిష్యరికం పూర్తిచేసి, సొంత దుకాణం లేక, ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గర రోజు లెక్కన పనిచేసే పనివాణ్ణి అలా అనేవారు. పని క్షుణ్ణంగా వచ్చినవాడే. బోర్డు మీద మాత్రం అతని పేరుండదు. మన పెళ్ళిళ్ళకు వచ్చే వంటవాళ్ళను చూడండి. పెద్ద వంటమేస్త్రి పేరు నాలుగూళ్ళలో చెప్పుకుంటారు. ఆయన వెనక అన్నం వార్చి, పులిహోర కలిపి, ఇవాళ మధిరలో, రేపు ఖమ్మంలో, ఎల్లుండి విజయవాడలో గరిటె పట్టుకునే వాళ్ళ పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? వాళ్ళు రాకపోతే ఒక్క పంక్తి అయినా సాగుతుందా?

చలిదేశాల్లో గడ్డకట్టిన మంచు మీద, అడుగున ఇనుప పలక ఉన్న బూట్లు వేసుకుని హాకీ ఆడతారు. కెనడాలో అదంటే మనకు క్రికెట్ ఎంతో అంత. మైక్ సిల్లింజర్ అని ఒకాయన ఆ ఆటలో పెద్ద లీగులో 17 సీజన్లు ఆడాడు. ఆ కాలంలో 12 జట్లు మారాడు. ఆ లీగులో అన్ని జట్లకు ఆడినవాడు ఇంకొకడు లేడు. వెయ్యి మ్యాచ్‌లు దాటాయి గానీ అక్కడి పెద్ద కప్పు ఎత్తే రోజు ఆయనకు రాలేదు. ఒక జట్టు ఇంకో జట్టుకు ఇచ్చేస్తే మూటాముల్లె సర్దుకుని, పెళ్ళాంబిడ్డలతో మళ్ళీ కొత్త ఊరు, కొత్త ఇల్లు, పిల్లలకు కొత్త బడి. బదిలీల ఉద్యోగం చేసే మొగుడితో కాపురం చేసిన వాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మన అరుంధతి దగ్గరికి వద్దాం. 1997 అక్టోబరులో పుట్టింది. వాళ్ళమ్మ భాగ్య గారు వాలీబాల్ ఆడినావిడ. అందుకేనేమో, ఆడపిల్లకు బంతెందుకు అన్న మాట ఆ ఇంట్లో రాలేదు. అమ్మాయి హైదరాబాదు జట్టుకు ఆడింది. తర్వాత రైల్వేస్ జట్టుకు వెళ్ళింది. ఆడవాళ్ళ క్రికెట్లో ఏళ్ళ తరబడి పెద్ద జట్టు రైల్వేసే. ఎందుకంటే అక్కడ ఆటతోపాటు ఉద్యోగం దొరికేది. ఆటకు డబ్బుల్లేని రోజుల్లో ఆడపిల్లలకు నెల జీతం ఇచ్చి నిలబెట్టింది ఆ ఉద్యోగమే.

2018 సెప్టెంబరులో శ్రీలంక మీద ఆడి దేశం జట్టులోకి వచ్చింది. అదే ఏడాది వెస్టిండీస్‌లో, 2020లో ఆస్ట్రేలియాలో జరిగిన టీ20 ప్రపంచకప్పులకు జట్టుతో వెళ్ళింది. ఇక కుదురుకుంది అనుకునే వేళకు, 2021 తర్వాత జట్టులోంచి పేరు తీసేశారు. ఒక నెలా, రెండు నెలలా? దాదాపు మూడేళ్ళు. ఇరవై మూడు, ఇరవై నాలుగు, ఇరవై అయిదు. ఆడపిల్లకు ఆ వయసులో ఇంటా బయటా ఏమేం మాటలు వినబడతాయో మనకు తెలుసు. ఆడింది చాల్లే అనడానికి పదిమంది ఉంటారు.

అప్పుడు ఆ అమ్మాయి చేసిన పని వినండి. 2023లో రైల్వే ఉద్యోగం వదిలేసింది. కేరళ జట్టుకు ఆడటానికి వెళ్ళిపోయింది.

రైల్వే ఉద్యోగమంటే ఏమిటో మా ఎర్రుపాలెం వాళ్ళకు ఒకరు చెప్పాలా? కాజీపేట, విజయవాడ లైను మీద ఉన్న ఊరు మాది. రోజంతా రైళ్ళు చూస్తూనే ఉంటాం. పెళ్ళిచూపుల్లో "అబ్బాయికి రైల్వేలో" అంటే చాలు, కాఫీలో ఇంకో చెంచా పంచదార పడుతుంది. అలాంటి ఉద్యోగాన్ని ఆడపిల్ల తనంతట తను వదులుకుందంటే మన ఇళ్ళలో ఎంత గొడవ జరుగుతుందో ఊహించుకోండి. కానీ ఆమె వైపు నుంచి చూడండి. రైల్వేస్ జట్టు నిండా దేశానికి ఆడినవాళ్ళే. అంతమందిలో బంతి చేతికి వచ్చేది తక్కువ, బ్యాటు పట్టేది ఇంకా తక్కువ. నలుగురూ చూసేలా ఆడాలంటే ముందు ఆడటానికి చోటు కావాలి కదా. జీతమా, చోటా అన్న దగ్గర చోటు కోరుకుంది.

అదే 2023లో ఆడవాళ్ళకు ప్రీమియర్ లీగ్ మొదలైంది. ఫిబ్రవరిలో ముంబయిలో వేలం జరిగితే ఢిల్లీ జట్టు ఆమెను 30 లక్షలకు తీసుకుంది. ఆ జట్టు 2023లో ఫైనల్‌కు వెళ్ళి ఓడింది. 2024లో వెళ్ళి ఓడింది. 2025లోనూ వెళ్ళి ఓడింది. మూడేళ్ళూ ఆమె ఆ జట్టులోనే ఉంది. కానీ ఆ మ్యాచ్‌లే మళ్ళీ ఆమెను పైవాళ్ళ కంట పడేలా చేశాయి. 2024లో తిరిగి దేశం జట్టులోకి పిలుపు వచ్చింది. జూన్‌లో బెంగళూరులో దక్షిణాఫ్రికా మీద మొదటి వన్డే ఆడింది. అక్టోబరులో దుబాయిలో టీ20 ప్రపంచకప్పులో పాకిస్తాన్ మీద 19 పరుగులిచ్చి 3 వికెట్లు తీసి, ఆ రోజు ఉత్తమ క్రీడాకారిణి అయింది. డిసెంబరులో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో 26 పరుగులకు 4 వికెట్లు తీసింది.

ఇంత చేసిన తర్వాత వచ్చింది 2025 ప్రపంచకప్పు. మొదలయ్యే ముందు బెంగళూరులో ఇంగ్లండుతో ఆడిన సన్నాహక మ్యాచ్‌లో బంతి వచ్చి కాలికి తగిలితే చక్రాల కుర్చీలో బయటికి తీసుకెళ్ళారు. తేరుకుంది. జట్టుతోనే ఉంది. రోజూ నెట్స్‌లో బంతులు వేసింది. పదకొండు మందిలో మాత్రం పేరు రాలేదు. కప్పు గెలిచిన నెలలోనే మళ్ళీ వేలం జరిగితే ఈసారి బెంగళూరు జట్టు 75 లక్షలకు తీసుకుంది. మళ్ళీ కొత్త ఊరు, కొత్త జెర్సీ.

హైదరాబాదు, రైల్వేస్, కేరళ, ఢిల్లీ, బెంగళూరు. ఇదీ ఆమె ప్రయాణం. వీధిలో పిల్లలు ఆమె పేరు రాసుకున్న చొక్కాలు వేసుకోరు. అయినా ఆటే ఆమె వృత్తి. ఆ వృత్తి ఆమెకు అన్నం పెట్టింది.

ఆమె ఒక్కతేనా? హాకీలో ఉమ్మడి చిత్తూరు జిల్లా అమ్మాయి ఎతిమరపు రజని ఉంది. గోల్‌కీపరు. గోల్ దగ్గర నిలబడేది ఎప్పుడూ ఒక్కరే. మన జట్టులో ఆ చోటు ఎన్నో ఏళ్ళు సవితా పునియాది. అందుకని రజని ఎక్కువగా రెండో గోల్‌కీపరుగానే ఉండిపోయింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌కు కూడా అదనపు గోల్‌కీపరుగానే వెళ్ళింది. సవితకు రోజూ సాధనలో తోడుండి, రేపు ఆమెకు ఏదైనా అయితే ఆ క్షణంలో దిగడానికి సిద్ధంగా ఉండటం. అది కూడా ఉద్యోగమే. పైగా తేలిక ఉద్యోగం కాదు.

ఇక మన అసలు ప్రశ్న. డబ్బు లెక్క. కాగితం, పెన్సిలు తీసుకోండి.

దేశంలోని రాష్ట్ర జట్ల మధ్య జరిగే ఆడవాళ్ళ మ్యాచ్‌లకు 2025 చివరిదాకా పదకొండు మందిలో ఉంటే రోజుకు 20 వేలు, పక్కన కూర్చుంటే 10 వేలు ఇచ్చేవారు. 2025 డిసెంబరులో క్రికెట్ బోర్డు దాన్ని పెంచింది. ఇప్పుడు వన్డే ఆడితే 50 వేలు, కూర్చుంటే 25 వేలు. టీ20 ఆడితే 25 వేలు, కూర్చుంటే పన్నెండున్నర వేలు. ఒక అమ్మాయి ఏడాదిలో ఏడు వన్డేలు, ఏడు టీ20లు ఆడిందనుకుందాం. మొత్తం 5 లక్షల 25 వేలు. అదే అమ్మాయి అన్ని మ్యాచ్‌లూ పక్కన కూర్చుంటే అందులో సగం. నెలకు పంచి చూస్తే మొదటిది 44 వేలకు కాస్త తక్కువ, రెండోది 22 వేలకు కాస్త తక్కువ. దేశానికి ఆడితే లెక్క వేరు. 2022 అక్టోబరులో బోర్డు ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ మ్యాచ్ ఫీజు సమానం చేసింది. వన్డేకు 6 లక్షలు, టీ20కి 3 లక్షలు. అదిగాక ఏడాది ఒప్పందం ఉంటుంది. 2024-25లో అరుంధతి ఉన్న మూడో తరగతికి అది 10 లక్షలు.

బాగానే ఉందే అనుకుంటున్నారు కదూ? రెండో వైపు కూడా రాయండి. ఈ సంపాదన పాతికేళ్ళు సాగదు. ముప్ఫై అయిదు దాకా ఆడగలిగితే గొప్ప. మోకాలు తిరగబడితే ఒక ఏడాది పోతుంది. వేలంలో చెయ్యి ఎత్తకపోతే ఆ ఏడు ఆ రాబడి లేదు. పైగా ఇదంతా క్రికెట్ లెక్క. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ ఆడే పిల్లలకు ఈ డబ్బులో పదో వంతు చూడటం కూడా కష్టం. వాళ్ళకు ఇప్పటికీ స్పోర్ట్స్ కోటాలో రైల్వే, పోలీసు, బ్యాంకు ఉద్యోగమే పెద్ద ఆసరా. కాబట్టి అరుంధతి ఉద్యోగం వదిలింది కదా అని మన పిల్ల కూడా వదలాలని నేననను. ఆమె దేశానికి ఆడి వచ్చిన తర్వాత, తన చేతిలో ఏముందో తెలిసి వదిలింది.

మా ఉమ్మడి ఖమ్మం జిల్లాకే వస్తే, భద్రాచలం పిల్ల గొంగడి త్రిష ఉంది. బిడ్డ ఆట కోసం వాళ్ళ నాన్నగారు ఊరు వదిలి సికింద్రాబాదుకు మకాం మార్చారు. 2025 ఫిబ్రవరిలో మలేసియాలో ముగిసిన అండర్-19 ప్రపంచకప్పులో 309 పరుగులు చేసి టోర్నీకే ఉత్తమ క్రీడాకారిణి అయింది. తర్వాతి వేలంలో ఉత్తరప్రదేశ్ జట్టు తీసుకుంది. ఇప్పుడామె పెద్దవాళ్ళ ఆటలోకి అడుగు పెడుతున్న అమ్మాయి. ముందుముందు ఆమెకూ పక్కన కూర్చునే రోజులు రావచ్చు, రాకపోవచ్చు. వస్తే మనం "అయిపోయింది" అనకుండా ఉండాలి. ఆ ఒక్క మాట ఇంట్లోవాళ్ళ నోట వింటే ఓడిన మ్యాచ్ కన్నా ఎక్కువ గుచ్చుకుంటుంది.

మీ ఇంట్లో ఆడతానంటున్న అమ్మాయి ఉంటే, అవుననే ముందు, కాదనే ముందు ఈ నాలుగు విషయాలు చూసుకోండి.

ఒకటి, చదువు ఆపకండి. రెగ్యులర్ కుదరకపోతే దూరవిద్య అయినా సరే, డిగ్రీ చేతిలో ఉండాలి. స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి కూడా చదువు అడుగుతారు. సర్టిఫికెట్లన్నీ, ఆడిన ప్రతి పోటీదీ, ఒక ఫైలులో వరసగా పెట్టండి. చీరల బీరువాలో అడుగున దోపకండి.

రెండు, పంపే చోటు మీరే స్వయంగా వెళ్ళి చూడండి. హాస్టల్లో ఆడ వార్డెన్ ఉందా, బాత్‌రూములు ఎలా ఉన్నాయి, రాత్రి ప్రయాణాల్లో పిల్లలతో ఎవరు వెళతారు అని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాట పడకండి. మన పిల్లను పంపేది మనం. చిన్నపిల్లలైతే హకీంపేటలో 1993 నుంచి నడుస్తున్న ప్రభుత్వ క్రీడా పాఠశాల ఉంది. నాలుగో తరగతిలో ఎంపికలు జరుగుతాయి. మీ స్కూలు పీఈటీ గారిని అడిగితే వివరాలు చెబుతారు.

మూడు, తిండి. ఆడే పిల్లకు పత్తెం పెట్టకండి. లావవుతావని అన్నం తగ్గించకండి. పొద్దున రాగిజావ, గుడ్డు. సాయంత్రం సాధన అయ్యాక వేరుశనగ ఉండ, అరటిపండు. పప్పు, ఆకుకూర రోజూ ఉండాలి. నెలసరి వచ్చిన పిల్లలకు రక్తం తక్కువయితే కాళ్ళు లాగుతాయి, ఆయాసం వస్తుంది. దాన్ని బద్ధకం అనుకుని కోప్పడతాం. ఒకసారి రక్తపరీక్ష చేయించండి. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం అవగానే టీ తాగితే పట్టదు. గంట ఆగి ఇవ్వండి.

నాలుగు, ఒక నోటుపుస్తకం పెట్టండి. బూట్లకెంత, ప్రయాణానికెంత, చేతికి వచ్చిందెంత. ఏటా ఒకసారి అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ లెక్క చూడండి. ఎంతకాలం చూద్దాం, ఎక్కడిదాకా వెళదాం, అది కుదరకపోతే తర్వాత ఏం చేద్దాం అన్నది కోపంలో కాకుండా ఆ పుస్తకం ముందు మాట్లాడుకోండి. శిక్షకురాలు కావచ్చు, అంపైరు కావచ్చు, స్కూల్లో పీఈటీ కావచ్చు. ఆడటం ఆగినంత మాత్రాన నేర్చిన విద్య ఎక్కడికీ పోదు.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. మన పిల్లలు ఇంటికి రాగానే మనం అడిగే మొదటి ప్రశ్న "గెలిచారా?" అని. రెండోది "నువ్వు ఆడావా?" అని. ఆడలేదంటే మన ముఖం వాడిపోతుంది. అది పిల్ల చూస్తుంది. మరి పొద్దున్నే లేచి, మైదానానికి పోయి, తోటిపిల్లలకు బంతులు వేసి, నీళ్ళు అందించి, పిలిస్తే దిగడానికి బూట్లు విప్పకుండా సాయంత్రం దాకా కూర్చున్న పిల్ల ఆ రోజు ఏమీ చెయ్యనట్టేనా? ఇంట్లో అందరికీ వడ్డించి, చివర మిగిలింది తిని, "నువ్వేం చేశావు పొద్దుట్నుంచీ?" అనిపించుకునే మనకు ఆ సంగతి ఎవరో చెప్పాలా?

ఈసారి మీ అమ్మాయి పోటీ నుంచి రాగానే ముందు కాళ్ళు కడుక్కోమని, వేడిగా ఏదైనా పెట్టండి. తర్వాత "ఇవాళ ఏం నేర్చుకున్నావే?" అని అడిగి చూడండి. ఏం చెప్పిందో నాకు ఉత్తరం రాయండి. వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. పప్పు మాడుతోందేమో, చూసుకోండి మరి!